కొత్త పెట్టెలో పాత స్క్రూ

వాన పడుతున్నా కంచె టిక్కుటిక్కుమంటూనే ఉంది. మొన్న శ్రావణంలో భద్రాచలం దాటాక, అడవి అంచున ఒక మక్కచేను పక్కన కారు ఆపించి దిగేశాను. గొడుగు కారులోనే ఉండిపోయింది. "మేడం, తడుస్తున్నరు," అని డ్రైవర్ వెనక నుంచి పిలుస్తున్నాడు. నా చెవికి ఆ టిక్కు తప్ప ఇంకేదీ ఎక్కడం లేదు. గట్టు మీది గడ్డి ఏపుగా పెరిగి, నీళ్ళోడుతూ ఆ సన్నటి తీగ మీదికి వాలిపోయి ఉంది. అంత తడిగడ్డి మీద పడ్డా తీగ నోరు మూసుకోలేదు, గోడగడియారంలాగా తన పని తాను చేసుకుపోతోంది. దారిన పోయేవాళ్ళకు అది అడవిపందుల కోసం కట్టిన కరెంటు కంచె, అంతే. నాకు మాత్రం ఆ శబ్దం వింటే ఖమ్మంలో ఒక డాబా మీద, లాల్చీ నిండా సుద్దపొడితో నిలబడి, "దొరకబట్టిన్రు బేటా, మనల్ని మంచిగ దొరకబట్టిన్రు," అని పండగ చేసుకున్న ఒక మనిషి కళ్ళముందుకు వస్తాడు. ఆయన పేరు మొయినుద్దీన్. మాకు మొయిన్ సార్.

ఆయన్ని మీరు చూసి ఉండరు. ఒక్కసారి చూసి ఉంటే మరిచిపోయేవాళ్ళు కాదు. పొట్టి మనిషి, గొంతు మాత్రం బస్టాండు దాకా వినపడేది. ఖమ్మంలో వాళ్ళది తాతల నాటి మోటారు వైండింగ్ దుకాణం. అన్నదమ్ములు ఆ దుకాణంలో ఉండిపోతే, ఈయన చదువుకుని పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి, ఉన్నట్టుండి ఆ ఉద్యోగం మానేసి పేటెంట్ ఏజెంటు అయ్యాడు. ఎవరైనా ఒక కొత్త పరికరం కనిపెడితే, కొన్నేళ్ళ పాటు దాన్ని వేరొకరు అనుమతి లేకుండా తయారు చేయకుండా ప్రభుత్వం ఇచ్చే హక్కు పేటెంటు. ఆ హక్కు కోసం దరఖాస్తు రాయడం, దాని తరఫున వాదించడం ఈయన పని. ఖమ్మంలో అలాంటి ఆఫీసు ఒకటి ఉందంటే జనం నమ్మేవాళ్ళు కాదు. బోర్డు చూసి మెట్లెక్కి వచ్చి, "సార్, భూమి పట్టా పని చేయిస్తరా?" అని అడిగినవాళ్ళున్నారు. ఆయన విసుక్కోకుండా కుర్చీ చూపించి, "భూమికి కాదన్నా, బుర్రకు చేయిస్త. నీ బుర్రల ఏమన్నున్నదా?" అనేవాడు. అలా పట్టా కోసం వచ్చి, బోరుమోటారు గురించి గంటలు గంటలు మాట్లాడి పోయినవాళ్ళు కూడా ఉన్నారు.

మాది కుసుమంచి దగ్గర ఒక తండా. నాన్నకు ఉద్యోగం వచ్చాక ఖమ్మంలోని ఖానాపురం హవేలికి మారాం. ఎలక్ట్రానిక్స్‌లో ఇంజినీరింగ్ పూర్తిచేసి, హైదరాబాదు చుట్టూ ఇంటర్వ్యూలకు తిరిగి తిరిగి చెప్పులరిగిన రోజుల్లో, షేర్ ఆటోలోంచి ఆ బోర్డు చూసి దిగాను. సార్ నా సర్టిఫికెట్లు ముట్టుకోలేదు. ఒక ఉత్తరం చేతిలో పెట్టాడు. అది పేటెంట్ ఆఫీసులో దరఖాస్తులను పరీక్షించే ఎగ్జామినర్ రాసిన అభ్యంతరాల ఉత్తరం. "చదివి చెప్పు, ఈయన అన్నది రైటా, తప్పా?" అన్నాడు. ఉద్యోగం కావాలి కదా, ఆయన పక్షాన మాట్లాడితే మెచ్చుకుంటాడనుకున్నాను. "తప్పే సార్," అన్నాను. "ఎందుకు తప్పు?" అన్నాడు. ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పాను. ఆయన పగలబడి నవ్వి, కిటికీలోంచి కింది బండివాడికి మిర్చి బజ్జీలు చెప్పి, "ఈ ఆఫీసుల ఒక రివాజున్నది బేటా. అభ్యంతరం వచ్చిన దినం బజ్జీలు తెప్పిస్తం. అవి ఒడిసేదాంక ఎగ్జామినర్ మీద ఒక్క మాట అనొద్దు. ఆయన దిక్కే మాట్లాడాలె. ఆయన మనకు దుష్మన్ కాదు. మనం పైస జీతం ఇయ్యకున్నా మన తప్పులు ఎతికిపెట్టే మనిషి," అన్నాడు. ఉద్యోగం ఇచ్చినట్టా కాదా అని నేను అడగలేదు. బజ్జీ ఇచ్చాడు కాబట్టి ఇచ్చినట్టే అనుకుని మర్నాడు వెళ్ళిపోయాను.

ఆ రివాజు వట్టి మాట కాదు. ఉత్తరం వచ్చిందంటే సార్ లేచి నిలబడేవాడు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఎగ్జామినర్ అయిపోయేవాడు. తాను రాసిన దరఖాస్తునే తాను దుమ్మెత్తిపోసేవాడు. "ఎవడు రాసిండు దీన్ని? ఏంది ఈ వాక్యం? ఇందుల కొత్తదేమున్నదో నాకు చూపియ్," అని నా మీదికి వచ్చేవాడు. మొదట్లో నాకు భయం వేసేది. తర్వాత తర్వాత నేనే ఆయనకన్నా ముందు లేచి కళ్ళజోడు లేని ముక్కు మీద వేలు పెట్టుకునేదాన్ని. ఎదుటివాడి కళ్ళతో మన పని చూసుకోవడంలో ఇంత సరదా ఉంటుందని నాకు ఏ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే ఆఫీసుకు పోవడానికి కాళ్ళు తొందరపడే ఉద్యోగం ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి.

ఆయనకు ఇంకో ఆచారం కూడా ఉండేది. వాళ్ళ తాత దుకాణంలో ఏ కొత్త మోటారు కట్టినా, ఏ కొత్త స్టార్టరు బిగించినా, ఏళ్ళ తరబడి చెడిపోకుండా నడిచిన పాత మోటారులోంచి ఒక స్క్రూ తీసి దాంట్లో వేసేవాళ్ళట. బర్కత్ కోసం. పాతదాని మంచితనం కొత్తదానికి అంటుకోవాలని. సార్ కూడా కొత్త దరఖాస్తు రాసేటప్పుడు, గట్టిగా నిలబడిన పాత దరఖాస్తులోంచి ఒక వాక్యం తెచ్చి అందులో ఎక్కడో ఒకచోట పెట్టేవాడు. వివరణలో ఏ మూలనో ఉండేది కాబట్టి ఎవరికీ నష్టం లేదు. "ఇది స్క్రూ," అని నాకు చూపించి కన్నుకొట్టేవాడు.

జోగయ్య దరఖాస్తు దగ్గర ఆ స్క్రూయే మా కొంప మీదికి తెచ్చింది.

జోగయ్యది భద్రాచలం అవతల, అడవిని ఆనుకుని ఉన్న కోయ గూడెం. పాలిటెక్నిక్‌లో సార్ శిష్యుడు. నెమ్మదిగా మాట్లాడేవాడు, ఫోనులో వాళ్ళమ్మతో కోయభాషలో మాట్లాడేటప్పుడు మాత్రం ఆపేవాడు కాదు. ఆ వైపు చేలల్లో అడవిపందులు పంటను రాత్రికి రాత్రి దున్నేస్తాయి. వాటి కోసం కొందరు కరెంటు స్తంభం నుంచి నేరుగా తీగ లాగి చేను చుట్టూ కడతారు. దాంతో పందులే కాదు, మనుషులూ పోతారు. జోగయ్య వాళ్ళన్న ఒకసారి అలాంటి తీగ మీద పడి బతికి బయటపడ్డాడు గాని, కుడిచెయ్యి ముడుచుకుపోయి ఇప్పటికీ అన్నం ఎడమచేత్తోనే తింటాడు. ఆ చెయ్యిని రోజూ చూస్తూ జోగయ్య ఒక పెట్టె తయారుచేశాడు. సోలార్ బ్యాటరీతో నడుస్తుంది. తీగలోకి కరెంటును ఆగకుండా పంపదు, టిక్కు టిక్కుమని చిన్న చిన్న దెబ్బలుగా పంపుతుంది. పందికి చురుక్కుమంటుంది, పారిపోతుంది. ఎవరైనా తీగ మీద పడి ఉండిపోతే, తీగలో వోల్టేజి ముందే నిర్ణయించిన ఒక గీత కంటే కిందికి పడిపోయిందని సర్క్యూటు గమనించి దెబ్బలు ఆపేస్తుంది. దానికి సార్ రాసిన మొదటి దరఖాస్తు పేటెంటుగా నిలబడింది. అందులో హక్కును నిర్వచించే మొదటి క్లెయిము అంటే సార్‌కు ప్రాణం. దాన్ని పద్యంలాగా చదివేవాడు. "ఒక్క మాట తీసి చూడు బేటా, కూలిపోతది. ఒక్క మాట పెట్టి చూడు, పట్టదు," అని మురిసిపోయేవాడు.

వానాకాలం వచ్చేసరికి చిక్కు మొదలైంది. తడిగడ్డి తీగ మీద వాలినా వోల్టేజి పడిపోతుంది. సర్క్యూటుకు గడ్డి ఏదో మనిషి ఏదో తెలియదు, మనిషే అనుకుని ఆగిపోతుంది. ఇక పందుల పండగ. ఒకరోజు జోగయ్య మా ఆఫీసు మెట్లు పరుగున ఎక్కి వచ్చాడు. "సార్, రైతులు పెట్టె విప్పి, ఆపేసే భాగం మీదికెల్లి తీగముక్క అడ్డమేసి కట్టిన్రు. పంట పోతదని. గిప్పుడు మనిషి పడ్డా ఆగదు," అన్నాడు. అన్న చెయ్యి చూసి కనిపెట్టిన పెట్టె, ఇంకెవరి చేతినో తీసేలా ఉంది. ఆ వానాకాలమంతా చేను చేనుకూ తిరిగి ఆ తీగముక్కలు పీకుతూ, దాంతో పాటే కొత్త సర్క్యూటు కనిపెట్టాడు. మధిరలో ఒక ఫ్యాక్టరీ యజమాని దాన్ని పెద్ద ఎత్తున తయారుచేస్తానని ముందుకొచ్చాడు, కాని ఒకటే షరతు. కొత్త సర్క్యూటుకు పేటెంటు రావాలి. రాకపోతే ముట్టుకోడు. జోగయ్య ఒక్కడే కూర్చుని చేత్తో బిగిస్తే వచ్చే పెట్టెలు ఒక ఊరికి కూడా చాలవు. పాత పెట్టెలున్న మిగతా ఊళ్ళల్లో, పీకిన తీగముక్కలు మళ్ళీ వస్తాయి.

రెండో దరఖాస్తు వేశాం. ఏడాది గడిచాక ఎగ్జామినర్ ఉత్తరం వచ్చింది. సారాంశం ఇది: మీ కొత్త దరఖాస్తు మొదటి క్లెయిము, మీ పాత పేటెంటు మొదటి క్లెయిము రెండూ చెప్పేది ఒకటే. ఒక ఆవిష్కరణకు ఒకటే పేటెంటు. మిగిలిన క్లెయిముల్లో ఉన్నదంతా పాతదాన్ని కొద్దిగా మార్చడమే. వేరొకరి పేటెంటు అడ్డం వస్తే పోరాడవచ్చు, మనకు మనమే అడ్డం వస్తే ఎవరితో పోట్లాడతాం? జోగయ్య ఆ రోజు అక్కడే ఉన్నాడు. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. సార్ బజ్జీలు తెప్పించాడు. నాకు మండిపోయింది. "సార్, ఇయ్యాల వద్దు," అన్నాను. "ఇయ్యాలనే కావాలె," అన్నాడు. కాని కళ్ళజోడు జార్చలేదు. సుద్దముక్కల డబ్బా తీసుకుని, "పైకి నడువున్రి," అన్నాడు.

డాబా ఎండకు కాలి, సాయంత్రం గాలికి అప్పుడే చల్లబడుతోంది. సార్ మోకాళ్ళ మీద కూర్చుని, పాత సర్క్యూటు ఒక పక్క, కొత్తది ఇంకో పక్క, మనిషి నడిచేంత పెద్దగా గీశాడు. బ్యాటరీ బదులు బోర్లించిన బకెట్టు, స్విచ్చి బదులు తన చెప్పులు పెట్టాడు. "బేటా, నువ్వు కరెంటువి. ఆలోచన చెయ్యకు. గీత ఎటు పోతే అటు పో," అన్నాడు. తానేమో దరఖాస్తు పట్టుకుని మొదటి క్లెయిము గట్టిగా చదువుతున్నాడు. పాత బొమ్మలో నడిచాను. బకెట్టు నుంచి చెప్పుల మీదుగా తీగలోకి, తీగలోంచి వోల్టేజి కొలిచే చోటికి, అక్కడి నుంచి ఆపేసే చోటికి. తర్వాత కొత్త బొమ్మలోకి దిగాను. సార్ కొత్త దరఖాస్తు మొదటి క్లెయిము చదువుతున్నాడు. ఆ మాటల ప్రకారం నడిస్తే నా కాళ్ళు అవే మలుపులు తిరిగి అదే చోట ఆగాయి. సార్ చదవడం ఆపేశాడు. తలెత్తి నా పాదాల వంక చూశాడు, చేతిలో కాగితం వంక చూశాడు. నెత్తిన చెయ్యి పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

"స్క్రూ," అన్నాడు. "బేటా, నేను స్క్రూ ఏసిన. బర్కత్ కోసమని పాత క్లెయిము తెచ్చి నెత్తి మీద పెట్టిన. స్క్రూ అనుకుని ఇంజినే తెచ్చి పెట్టిన."

మామూలుగా అయితే అలాంటి చోట పెద్దమనుషులు ఏం చేస్తారో మనకు తెలుసు. గుమాస్తా మీదికి నెట్టేస్తారు, లేకపోతే ఎగ్జామినర్‌కు ఏం తెలుసు అంటారు. సార్ ముఖం ఒక్క క్షణం నల్లబడింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "దొరకబట్టిన్రు బేటా, మనల్ని మంచిగ దొరకబట్టిన్రు. ఎక్కడో కూసోని, నా మొఖం చూడకుండ, నా తాత దుకాణం చూడకుండ, నా చెయ్యి పట్టుకున్నడు చూడు. గట్ల చూసెటోడుండాలె," అన్నాడు. జోగయ్యకు నవ్వు రాలేదు. "సార్, మరి నా సర్క్యూటు పోయినట్టేనా?" అన్నాడు. సార్ నవ్వు ఆపి, లేచి, సుద్దముక్క అతని చేతిలో పెట్టి, "పోతదా లేదా నువ్వే చూపియ్. నీ సర్క్యూటుల నువ్వే నడువు. క్లెయిము చదవను," అన్నాడు.

జోగయ్య చెప్పులు విడిచి బొమ్మలోకి దిగాడు. వోల్టేజి కొలిచే చోటి దాకా నాలాగే వచ్చాడు. అక్కడ నేను నేరుగా వెళ్ళిపోయాను, అతను ఆగాడు. వెనక్కి తిరిగి, తాను నడిచి వచ్చిన అడుగుల వంక చూశాడు. "ఇక్కడ జర ఆగుతది సార్. ఇంతకుముందు కొట్టిన దెబ్బలు యాది చేసుకుంటది. గడ్డి మెల్లగ తడుస్తది, మెల్లగ వాలుతది. దెబ్బ దెబ్బకు ఇంతింత తగ్గుకుంట పోతది. మనిషి పడితే ఒక్కసారే పడిపోతది. మెల్లగ తగ్గితే పోనిస్తది. ఒక్కసారి పడితే ఆపుతది," అన్నాడు. సార్ ఆ చోట తన టిఫిన్ డబ్బా తెచ్చి పెట్టాడు. "ఇది యాది," అన్నాడు. పాత బొమ్మలో ఆ డబ్బా పెట్టడానికి చోటే లేదు. అంతవరకూ వంద మాటల్లో చదివిన తేడా, ఒక మనిషి ఆగి వెనక్కి చూడటంలో కనిపించింది. మేం ముగ్గురం చల్లారిన బజ్జీలు అక్కడే, ఆ గీతల మధ్య కూర్చుని తిన్నాం. అంత రుచిగల బజ్జీలు మళ్ళీ తినలేదు.

ఇక మిగిలింది దారి వెతకడం. మొదటి క్లెయిము తీసేయడం తప్పదు. కొత్త భాగం నిజంగా కొత్తదే, కాని పాతదాని మీద అది పెద్ద ముందడుగు కాదని ఎగ్జామినర్ అంటే కొట్టిపారేయలేం. చట్టంలో ఇలాంటి చోటుకే అనుబంధ పేటెంటు అని ఒకటుంది. మన పాత ఆవిష్కరణకు మనమే చేసిన మెరుగుదలను ఆ పాత పేటెంటుకు జతగా తీసుకోవచ్చు. అప్పుడు పాతదానితో పోల్చి ఇది చిన్న మార్పే కదా అని కాదనరు, తేడా ఉందని చూపిస్తే చాలు. కాని పాత పేటెంటు గడువు తీరిన రోజే ఇదీ తీరిపోతుంది. విడిగా ఉంటే జోగయ్యకు ఇంకొన్నేళ్ళు హక్కు మిగిలేది. సార్ ఇదంతా చెప్పి, "తప్పు నాది. ఏండ్లు పొయ్యేది నీవి. నువ్వు కొట్లాడమంటే విడిగనే కొట్లాడుత," అన్నాడు. జోగయ్య చాలాసేపు ఆలోచించలేదు. "ఫ్యాక్టరాయనకు ఏ పేటెంటయినా పేటెంటే కద సార్? రెండూ ఒక్కనాడే పోతే పోనియ్. వచ్చే వానలకు పెట్టెలు చేన్లల్ల ఉండాలె," అన్నాడు. సార్ అతని భుజం పట్టుకుని ఊపాడు.

జవాబు పంపాక విచారణకు పిలుపు వచ్చింది. వీడియోలో. ఏజెంటు పరీక్ష నేను అప్పటికి కొత్తగా పాసయ్యాను, వాదించే అర్హత ఉంది, అనుభవం లేదు. సార్ వాదిస్తాడనే ధీమాతో ఉన్నాను. ఆ రోజు పొద్దున ఆయన కెమెరాకు కనపడని మూలకు కుర్చీ లాక్కుని కూర్చుని, "నువ్వే మాట్లాడు," అన్నాడు. "సార్, ఇది జోగన్న బతుకు. నేను ఆగం చేస్తే?" అన్నాను. "నేను మాట్లాడితే ఆ క్లెయిముని కాపాడుకుంట బేటా. నోటికొచ్చేస్తది. నాకు దాని మీద పానం. నీకు లేదు. నువ్వయితే నిజం చెప్తవ్," అన్నాడు.

విచారణ ఇంగ్లిషులో జరిగింది, నేను తెలుగులో చెబుతున్నాను. తెర మీద కంట్రోలర్ మేడం, పేటెంటు ఇవ్వాలో వద్దో తేల్చే అధికారి, నెమ్మదైన గొంతు. రెండూ ఒకటేనన్న అభ్యంతరానికి మీరేమంటారని అడిగారు. "మీరన్నది నిజం మేడం. మొదటి క్లెయిము పూర్తిగా తీసేశాం," అన్నాను. ఆమె కాస్త ఆశ్చర్యపడి, "మరి పెట్టడం ఎందుకు పెట్టారు?" అన్నారు. మూలన సార్ వంక చూశాను. గుండె మీద చెయ్యి పెట్టుకుని, చెప్పెయ్ అన్నట్టు తలూపాడు. తాత దుకాణం సంగతి, స్క్రూ సంగతి చెప్పేశాను. ఆమె నవ్వారు గాని, వెంటనే తేరుకుని, "సరే. మిగిలిన క్లెయిములో తేడా ఎక్కడ? అదీ వోల్టేజి పడితే ఆపుతుంది, ఇదీ వోల్టేజి పడితే ఆపుతుంది," అన్నారు. కంఠస్థం చేసుకున్న వాక్యాలన్నీ అప్పజెప్పాను. ఆమె ముఖంలో మార్పు లేదు. పక్క బెంచీ మీద జోగయ్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నా వంకే చూస్తున్నాడు. ఇక నాకు తెలిసిన దారి ఒక్కటే. కుర్చీ వెనక్కి నెట్టి లేచాను.

"మేడం, నేను కరెంటుననుకోండి," అన్నాను. నడవడం మొదలుపెట్టాను. బల్ల దాటగానే నేను కెమెరాకు అందను కదా, మూలలోంచి రెండు చేతులు వచ్చి లాప్‌టాప్‌ను నా వెంబడి తిప్పుతున్నాయి. "పాత సర్క్యూటులో ఇక్కడ ఒక గీత ఉంది. గీత కదలదు. దాని కిందికి పడితే ఆగిపోతుంది, గడ్డయినా మనిషయినా. కొత్తదాంట్లో గీత లేదు మేడం. నేను ఇక్కడ ఆగి వెనక్కి చూస్తాను. నా కిందటి అడుగులతో పోల్చుకుంటాను. మెల్లగా దిగితే నడుస్తాను, ఒక్కసారి దిగితే ఆగుతాను. పాతది గీతను చూస్తుంది, కొత్తది తన వెనక్కి చూసుకుంటుంది," అని ఆగి, వెనక్కి తిరిగి చూపించాను. తర్వాత ఆమె ఏదో రాసుకుని, "అర్థమైంది, కూర్చోండి," అన్నారు. ఇంకో క్షణమాగి, "ఆ లాప్‌టాప్ తిప్పుతున్నదెవరు?" అన్నారు. సార్ మెల్లగా తల కెమెరాలో పెట్టాడు. "తప్పు చేసినాయన, మేడం," అన్నాడు.

అనుబంధ పేటెంటు వచ్చింది. ఆ ఉత్తర్వు చదువుతూ నేను గట్టిగా కేకపెట్టానట, కింది బండివాడు చెప్పకుండానే బజ్జీలు పంపించాడు. జోగయ్య వాళ్ళమ్మకు ఫోను చేసి కోయభాషలో చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. వానలకు ముందే మధిర నుంచి పెట్టెలు బయలుదేరాయి. ఆ సంబరంలోనే సార్ నా వంక తిరిగి, "బేటా, నువ్వు అటు దిక్కు పోవాలె. ఎగ్జామినర్ పరీక్ష రాయి," అన్నాడు. నాకు చివుక్కుమంది. "నన్ను పొమ్మంటున్నారా సార్?" అన్నాను. "ఇటు వాదించెటోళ్ళు మస్తు దొరుకుతరు. అటు దిక్కు, కాదు అని రాసే ముందు నడిచి చూసెటోళ్ళు కావాలె," అన్నాడు. వెళ్ళాను. చెన్నై పేటెంట్ ఆఫీసులో ఎగ్జామినర్ ఉద్యోగం. తన దగ్గర పని నేర్చుకున్న పిల్లే తన దరఖాస్తులు పరీక్షిస్తే మర్యాద కాదని, తన ఫైళ్ళు నా బల్ల మీదికి రాకుండా చూసుకోమని ఆయనే ముందు హెచ్చరించాడు. ఫోనులో మాత్రం ఎప్పుడూ ఒకటే అడిగేవాడు: "ఈ వారం ఎవర్ని దొరకబట్టినవ్?" ఆ ఫోన్లు ఆగిపోయి కొంతకాలమైంది. గుండెపోటు. కబురు వచ్చిన రోజు ఆఫీసు మెట్ల మీద కూర్చుని సిగ్గులేకుండా ఏడ్చాను. ఆయన కోసం ఏడవడానికి సిగ్గెందుకు పడాలి?

మొన్న ఆ మక్కచేను దగ్గర తడిసి ముద్దయ్యాక జోగయ్య షెడ్డుకు వెళ్ళాను. ఇప్పటికీ మధిరకు పోయే ముందు ప్రతి కొత్త మోడలూ అతనే బిగించి చూస్తాడు. వాళ్ళన్న ఎడమచేత్తో టీ అందించాడు. జోగయ్య వాన ఆగకముందే నన్ను షెడ్డు వెనక కంచె దగ్గరికి తీసుకుపోయాడు. తడిగడ్డి మోపు తెచ్చి పిడికెడు పిడికెడుగా తీగ మీదికి వాల్చాడు. టిక్కు ఆగలేదు. తర్వాత మనిషి ఒళ్ళు లాగినంత కరెంటు లాగేలా చేసుకున్న పరీక్ష కడ్డీని ఒక్కసారిగా తీగకు తాకించాడు. టిక్కు ఠక్కున ఆగిపోయింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. అతను పెట్టె మూత విప్పి, లోపల కొత్త స్క్రూల మధ్య ఉన్న ఒక తుప్పు రంగు స్క్రూ చూపించాడు. మొట్టమొదటి పెట్టెలోంచి తీసింది. "సార్ బర్కత్," అన్నాడు. "దరఖాస్తుల పెట్టొద్దు గని, పెట్టెల పెట్టొచ్చు కద మేడం?"

ఆ సంగతి సార్‌కు ఫోను చేసి చెప్పాలని చెయ్యి జేబులోకి పోయింది. ఆయన లేడని ఆ తర్వాత గుర్తొచ్చింది. చెన్నైకి తిరిగొచ్చిన మర్నాడు నా బల్ల మీద ఒక దరఖాస్తు ఉంది. చార్జరు సర్క్యూటు, అదే దరఖాస్తుదారు పాత పేటెంటుకు అచ్చు నకలులాగా కనిపించింది. రెండూ ఒకటే అని రాసెయ్యడానికి చెయ్యి ఉవ్విళ్ళూరింది. పెన్ను పక్కన పెట్టి, రెండు బొమ్మలూ చేత పట్టుకుని, చెప్పులు విడిచి వరండాలోకి వెళ్ళాను. ఒకదాని ప్రకారం ఆ చివరిదాకా నడిచాను. తిరిగొచ్చి ఇంకోదాని ప్రకారం నడుస్తూ, ఎక్కడైనా ఆగాల్సి వస్తుందేమోనని కాళ్ళ వంకే చూసుకుంటున్నాను. ఎదురొచ్చిన కొత్త ఉద్యోగి, తెలుగబ్బాయే, జాలిగా ఆగాడు. "షుగరా మేడం? ఎప్పట్నుంచి?" అన్నాడు.

"షుగర్ కాదు బాబూ," అన్నాను. "కరెంటు. పక్కకు జరుగు, ఇంకా సగం సర్క్యూటు ఉంది."